కాశీబుగ్గ జీడిపప్పు దుకాణం: తేలిన లెక్క, తేలని లెక్క

ముందు తూకం సంగతి చెబుతాను. 240 రకం జీడిపప్పు పావుకిలో పొట్లం ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, మొత్తం గుమ్మరించి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. 127 తేలాయి. మా ఇంటావిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసినా ఆశ తీరలేదా?" అంది. తీరలేదు. 240 రకం అంటే పౌండుకు 220 నుంచి 240 గుండు పప్పులు తూగాలి. ఆ లెక్కన పావుకిలోలో 121కి తగ్గకూడదు, 132కి మించకూడదు. అంతకుముందు వేరేచోట ఇదే రకమని కొన్న పొట్లంలో 169 లెక్కపెట్టాను. అది నికరంగా 320 రకం. కిలోకు వంద రూపాయలు తక్కువ పలికే సరుకును ఎక్కువ ధరకు అంటగట్టారన్నమాట. జీడిపప్పులో మోసం కల్తీతో జరగదు, అంకెతో జరుగుతుంది. కొనేవాడు లెక్కపెట్టడు కదా అన్నదే అమ్మేవాడి ధీమా.

ఇక్కడి 127లో రెండింటికి అంచు విరిగింది, ఒకదానికి చివర గోధుమరంగు మచ్చ ఉంది. పురుగు లేదు, ముక్కిన వాసన లేదు. నేతిలో వేయిస్తే అన్నీ ఒకే రంగుకు తిరిగాయి. పప్పు డ్రయ్యర్‌లో సమంగా ఆరిందనడానికి అంతకు మించిన గుర్తు నాకు తెలియదు.

దుకాణం కాశీబుగ్గలో, బస్సు దిగి పలాస స్టేషను వైపు నడిచే దారిలో ఉంది. బోర్డు మీద పేరు సగం చెరిగిపోయింది, మిగిలిన సగం రాసి ప్రయోజనం లేదు. నీలం రేకు తలుపు, బయట అరుగు మీద మంచినీళ్ల డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. ఇవి చెబితే ఎవరైనా చూపిస్తారు. ఉద్దానం చుట్టుపక్కల మంచినీళ్ల డ్రమ్ము చిన్న విషయం కాదు. కిడ్నీ జబ్బులతో ఊళ్లకు ఊళ్లే కుంగిపోయిన ప్రాంతం ఇది, నోట్లో పోసుకునే ప్రతి గుక్కనూ అనుమానంగా చూస్తారు. ఆ డ్రమ్ము మీద 'ఫలానావారి సౌజన్యంతో' అని రాసి లేదు. ఈ మాట తర్వాత అక్కరకు వస్తుంది.

లోపల రెండు డబ్బాల వరసలు ఉంటాయి. ఒకటి ఉద్దానం పిక్క, రెండోది వీళ్లు 'ఓడ పిక్క' అని పిలిచేది. పలాస జీడిపప్పు అని మనం మురిసిపోయి బంధువులకు పంపే సరుకులో చాలా భాగం ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగిన పిక్కలదే. ప్రపంచంలో పండే జీడి పిక్కల్లో సగానికి పైగా ఆఫ్రికావే, అందులో ఐవరీ కోస్టుది పైచేయి. మన తోటలు మార్చి నుంచి మే దాకా కాస్తాయి. పశ్చిమ ఆఫ్రికా కాపు కూడా కాస్త అటూఇటూగా అప్పుడే. టాంజానియా కాపు మాత్రం అక్టోబరులో మొదలవుతుంది, అందుకని పిక్కలు ఉడికించే మన బాయిలర్లు చలికాలంలో చల్లారకుండా ఉండేది ఆ పిక్కల పుణ్యమే. ఈ దిగుమతి వల్ల తమ పిక్కకు ధర రావడం లేదని ఉద్దానం రైతులు మొత్తుకుంటారు. అదీ నిజమే. తక్కిన దుకాణాలు ఈ తేడా ఎత్తవు. ఇక్కడ అడగకముందే చెబుతారు, ధర కూడా వేరు. నేను కొన్నప్పుడు 240 గుండు ఉద్దానానిది కిలో 960, ఓడ పిక్కది 900.

రుచి సంగతికి వస్తే, ఉద్దానం పప్పు నమిలినకొద్దీ పాలు ఊరినట్టు తియ్యగా ఉంటుంది. ఓడ పిక్క పప్పు తెల్లగా, నదరుగా ఉంటుంది కానీ నాలుక మీద కొంచెం పొడి. పాయసానికి, పచ్చిగా తినడానికి మొదటిది తీసుకోండి. ఉప్మాకు, పులిహోరకు రెండోది చాలు, అరవై రూపాయలు మిగులుతాయి. మసాలా జీడిపప్పు జోలికి పోకండి. ఉప్పు చేత్తో విసిరినట్టు ఒకచోట గడ్డ, ఒకచోట చప్పన. బద్ద రకం కూడా వద్దు, పొట్టు సరిగా వదల్లేదు. రెండుసార్లు కొన్నాను, రెండుసార్లూ అంతే.

ఇంకో తగాదా ఉంది. బిల్లు అడిగితే గానీ ఇవ్వరు. అడిగాక ఇచ్చే బిల్లు కార్బన్ కాగితం కింద కనపడీ కనపడకుండా ఉంటుంది. జీఎస్టీ నంబరు చదవాలంటే వెలుతురులో పట్టుకోవాలి. నాకు ఇది నచ్చదు, యజమానికి మొహం మీదే చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

పొట్లం పుచ్చుకొని బస్సెక్కవలసినవాణ్ణి, ఆ రోజు రెండున్నర గంటలు అక్కడే కూర్చున్నాను. 2025 మాఘమాసం మొదటి వారం. కరెంటు పోయింది, కవర్లకు సీలు వేసే మిషను ఆగింది. స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఇంతలో మందస వైపు నుంచి ముగ్గురు వచ్చారు. అక్కడ పనిచేసే కుర్రవాడి తల్లి, తండ్రి, ఊరి పెద్ద ఒకాయన. తల్లి చేతిలో పళ్లెం, అందులో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు. లోపలి గదిలో చాప పరిచారు. యజమాని గోడకు వేలాడుతున్న పొడుగు నోటుపుస్తకం తీసి, నా వైపు తిరిగి, "మాస్టారూ, మీరు లెక్కలు తెలిసినవారు. ఒకసారి కూడిక చూసి పెట్టండి" అన్నాడు. బిల్లు గురించి దెప్పినందుకు శిక్ష కాబోలు అనుకున్నాను.

కుర్రవాడు ఇంటర్ అయ్యాక, పద్దెనిమిది నిండాక, 2019 డిసెంబరులో చేరాడు. నెలకు చేతికి ఇచ్చేది కాక 3,000 ఈ పుస్తకంలో నిలవ. అయిదేళ్లు దాటాక, పని వచ్చిందని ఇద్దరికీ నమ్మకం కుదిరాక, నిలవ మొత్తం చేతిలో పెట్టి వేరే దుకాణం పెట్టించి పంపాలి. అదీ ఒప్పందం. నేను నెలలు లెక్కపెట్టాను. 62 నెలలకు 61 పద్దులే ఉన్నాయి. 2021 మే లేదు.

"ఆ నెల కర్ఫ్యూ కదా, దుకాణం మూసే ఉంది" అన్నాడు యజమాని.

కుర్రవాడు తల ఎత్తకుండానే, "మూసినా నేను సరుకు దగ్గర కాపలా పడుకున్నాను మావయ్యా" అన్నాడు. చుట్టరికం లేదు, ఆ పిలుపు అలా కుదిరిపోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఊరి పెద్ద వక్క కొరుకుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. యజమాని పెన్ను అందుకొని ఆ వరుసలో 3,000 రాశాడు. 1,86,000. అందులో కుర్రవాడి చెల్లెలి పెళ్లికి ఇచ్చిన 40,000 పోగా 1,46,000. దాని మీద యజమాని తన వంతుగా ఒక కాటా, సీలు మిషను, సోంపేటలో మాట్లాడి పెట్టిన గదికి ఆరు నెలల అద్దె, పది బస్తాల పిక్కలు అరువు. బస్తాల బాకీ దీపావళి దాటాక తీర్చాలి. తల్లి పళ్లెం ముందుకు జరిపింది. తాంబూలాలు మార్చుకున్నారు. కాగితం మీద ఒక్క సంతకం కూడా లేదు.

లెక్కల మనిషిగా నాకు ఇందులో తప్పులు కనిపించాయి. జీతంలో కొంత యజమాని చేతిలో అయిదేళ్లు ఉండిపోవడం మంచిది కాదు, బ్యాంకులో కుర్రవాడి పేరున వేయాలి. పీఎఫ్ ఊసే లేదు. ఇదీ చెప్పాను. కానీ చాప మీద జరిగిన ఆ పద్ధతి నాకు కొత్త కాదు. ఇంతకుముందు దాన్ని చూసింది నైజీరియాలోని లేగోస్‌లో.

2003 నుంచి తొమ్మిదేళ్లు నేను లేగోస్‌లో మోటారు సైకిళ్ల విడిభాగాలు దిగుమతి చేసే ఒక కంపెనీలో లెక్కలు చూశాను. మా కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఇగ్బోలు, అంటే ఆ దేశపు తూర్పు ప్రాంతం జాతివాళ్లు. లేగోస్‌లోని లాడిపో బజారు వాళ్లు, తూర్పున న్నెవీ పట్టణం వాళ్లు. వాళ్లలో 'ఇగ్బా బోయి' అనే ఆనవాయితీ ఉంది. ఊరి నుంచి ఒక కుర్రవాణ్ణి తెచ్చి యజమాని దగ్గర పెడతారు. యజమానిని 'ఓగా' అంటారు. జీతం ఉండదు, తిండి, బస, పని నేర్పడం ఓగా పూచీ. అయిదు నుంచి ఏడెనిమిదేళ్లు గడిచాక ఓగా అతనికి దుకాణం పెట్టుబడి ఇచ్చి పంపాలి. దానికి వాళ్లు వాడే మాట ఇంగ్లీషులోని 'సెటిల్‌మెంట్' అన్నదే. ఆ రోజు పెద్దలు కూర్చుంటారు, కోలా కాయ విరిచి పంచుతారు. కోలా తెచ్చినవాడు ప్రాణం తెచ్చినట్టే అని వాళ్ల సామెత. కాశీబుగ్గలో ఆ తల్లి తమలపాకుల పళ్లెం జరిపినప్పుడు నాకు కోలా చేదు నాలుక మీదికి వచ్చింది.

బియాఫ్రా పేరుతో వేరే దేశం కావాలని 1967 నుంచి 1970 దాకా నైజీరియాతో జరిగిన యుద్ధంలో ఇగ్బోలు ఓడిపోయారు. బ్యాంకులో ఎంత సొమ్ము ఉన్నా సరే, ఖాతాదారుడికి చేతికి ఇచ్చింది 20 పౌండ్లు. అక్కడి నుంచి మళ్లీ బజార్లను నిలబెట్టడంలో ఈ పద్ధతిది పెద్ద చెయ్యి. ఒక్కో ఓగా పదిమందిని నిలబెడితే, ఆ పదిమంది తలా పదిమందిని. తన కుర్రవాడే రేపు పక్క దుకాణంలో పోటీకి కూర్చుంటాడని తెలిసీ పెట్టుబడి ఇస్తాడు. 'ఓన్యే ఆఘాలా న్వన్నే యా' అంటారు, తోడబుట్టినవాణ్ణి వెనక వదిలి వెళ్లకు అని. న్నెవీలో కార్లు, బస్సులు తయారుచేసే ఇన్నోసన్ కంపెనీ స్థాపకుడు ఇన్నోసెంట్ చుక్వుమా కూడా విడిభాగాల దుకాణంలో అలా పని నేర్చినవాడే. 2010లో ఆ ఫ్యాక్టరీని దేశాధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ వచ్చి ప్రారంభించాడు.

అంతా పాలూ తేనే అనుకోకండి. చివరి సంవత్సరంలో కుర్రవాడి మీద దొంగతనం అంటగట్టి వెళ్లగొట్టే ఓగాలు ఉన్నారు. అలా రోడ్డున పడ్డ ఒకతను మా గోడౌను దగ్గర మూటలు మోసేవాడు. చిన్నపిల్లల్ని బడి మాన్పించి తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ విషయంలో కాశీబుగ్గ వ్యాపారి, పద్దెనిమిది నిండనివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వనని చెప్పడం నాకు నచ్చింది.

మా కంపెనీకి 'సామాజిక బాధ్యత' అని విడిగా ఒక ఖాతా ఉండేది. ఆ పద్దులు రాసింది నేనే. ఒకసారి ఒక ఊళ్లో బోరు వేశారు. బోరుకు ఎంత ఖర్చయిందో, ప్రారంభోత్సవం రోజు టెంటుకు, భోజనాలకు, నల్లరాతి ఫలకానికి కలిపి ఇంచుమించు అంతే అయింది. ఎనిమిది నెలలకు పంపు పాడైంది. మరమ్మతుకు ఆ ఖాతాలో పద్దు లేదు. ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. పేరు లేని మంచినీళ్ల డ్రమ్మును చూసి నేను ఎందుకు ఆగానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఈ విషయం మీద పండితులు రాసినవి నేనూ కొన్ని చదివాను, ఉద్యోగం కోసం తప్పక. ఆర్చీ కారల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1991లో వ్యాపారుల బాధ్యతలను మెట్లుగా పేర్చాడు. అడుగున లాభం, దాని మీద చట్టం, తర్వాత నీతి, అన్నిటికన్నా పైన, అంటే చివర, దానం. వేన్ విస్సర్ 2006లో ఆఫ్రికాను చూసి మెట్లు తారుమారు చేశాడు. లాభం తర్వాత రెండో మెట్టే దానం, చట్టమూ నీతీ ఆ తర్వాత. చుట్టూ పేదరికం ఉన్నచోట, ఊరివాడు గుమ్మంలో నిలబడ్డచోట, ఇవ్వడం మొదటి మర్యాద అవుతుందని. మన ప్రాంతానికి కూడా ఈ వరసే సరిపోతుందేమో. కానీ ఇందులో ఒక గోతి ఉంది. దానం రెండో మెట్టు మీదికి వచ్చి కూర్చుంటే, దాన్ని చూపించి చట్టాన్ని దాటేయవచ్చు. నైజీరియాలోని నైజర్ డెల్టాలో చమురు తీసి పాడుచేసిన ఓగోనీ ప్రాంతం శుభ్రపడాలంటే 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో తేల్చింది. అన్నేళ్ల మురికిని ఏ బోరు ఫలకం కప్పుతుంది?

మారిషస్‌లో 2009లో కంపెనీల లాభంలో 2 శాతం సమాజానికి అని చట్టం చేశారు. మన దేశంలో 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు అదే 2 శాతం విధించింది, 2014 ఏప్రిల్ నుంచి అమలు. నీలం రేకు తలుపు దుకాణం ఈ లెక్కలోకి రానే రాదు. దక్షిణాఫ్రికాలో మాజీ న్యాయమూర్తి మెర్విన్ కింగ్ పేరుమీద 1994 నుంచి కంపెనీల పాలనకు నివేదికలు వస్తున్నాయి. మనిషి మనుషుల వల్లే మనిషి అనే 'ఉబుంటు' భావం వాటిలోకీ ఎక్కింది. మంచిదే. కానీ బోర్డురూముల్లో ఆ మాట వాడేవాళ్లలో ఎంతమంది, 2021 మే నెల పద్దు తప్పిపోయిందని అందరి ఎదుట ఒప్పుకొని రాస్తారు?

అతనికి ఇదెక్కడ అబ్బిందని అడిగాను. ఆఫ్రికా పేరు పిక్క బస్తాల మీద చూడటమే తప్ప అతను అటు వెళ్లలేదు. తనూ ఒక జీడి బట్టీలో కుర్రవాడిగా చేరి ఇలాగే బయటికి వచ్చాడట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని చదును చేసినప్పుడు అతని మూడెకరాల జీడితోట నేలకు ఒరిగింది. మరుసటి నెలలో టాంజానియా అధ్యక్షుడు మగుఫులి, వ్యాపారులు చెప్పిన ధర చాలదని, సైన్యాన్ని దింపి రైతుల పిక్కలన్నీ ప్రభుత్వం చేత కొనిపించాడు. ఇక్కడ చెట్టు లేదు, అక్కడి సరుకు ఎప్పుడు కదులుతుందో తెలియదు. అప్పుడు పాత యజమాని పిలిచి ఇరవై బస్తాలు అరువు ఇచ్చి, "ఎప్పుడు తీర్చగలవో నువ్వే రాసుకో" అన్నాడట. మన కిరాణా వర్తకుల్లో ఈ ఆనవాయితీ పాతదే. మనమే మరిచిపోయాం.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కరెంటు ఇంకా రాలేదు కాబట్టి వెనక షెడ్డులోకి వెళ్లాను. ఎనిమిది మంది ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చొని పొట్టు తీస్తున్నారు, ఇద్దరు రకాలు ఏరుతున్నారు. పిక్క పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. కటింగు పని చేసి వచ్చిన ఒకామె వేళ్లు మొదళ్ల దాకా నల్లబడి ఉన్నాయి. చేతికి బూడిద రాసుకుంటామని చెప్పింది. తొడుగులు ఒక మేకుకు వేలాడుతున్నాయి. వేసుకుంటే వేగం తగ్గుతుంది, కూలి కిలోల లెక్కన. రకాలు ఏరే ఆమె చేతిని కాసేపు చూశాను. కాటా లేదు, కొలత లేదు, బొటనవేలితో పప్పును తిప్పి చూపుతోనే 210, 240, 320 మూడు తట్టల్లోకి విసురుతోంది. నా 127 లెక్క సరిపోవడానికి కారణం ఆమె బొటనవేలు.

వీళ్లకు కూడా ఆ పుస్తకంలో పద్దు ఉందా అని యజమానిని అడిగాను.

"వీళ్లు నిలకడగా ఉండరు మాస్టారూ, రెండేళ్లకోసారి మారిపోతారు" అన్నాడు.

ఏరే ఆమె చెయ్యి ఆపలేదు. "పదేళ్ల నుంచి ఉన్నవాళ్లకు కూడా లేదు బాబూ" అంది నాతో. "కావాలంటే మాలో మేము చీటీ వేసుకుంటాం."

యజమాని బయట ఏదో పిలుపు వినిపించినట్టు వెళ్లిపోయాడు. ఇగ్బోల పద్ధతిలోనూ ఇదే లోటు. పెట్టుబడి అందుకునేది ఎక్కువగా మగపిల్లలే. నైజీరియాలోనే మరో జాతి అయిన యోరుబా ఆడవాళ్లు బజార్లో 'ఎసుసు' అని వేసుకునేది మన చీటీ లాంటిదే. వాళ్లలో వాళ్లు కూడబెట్టుకోవాల్సిందే.

అందుకని అయిదు నక్షత్రాలకు నేను నాలుగే ఇస్తున్నాను. బిల్లుకు అర నక్షత్రం, ఆ షెడ్డుకు అర. సరుకుకు పూర్తి మార్కులు.

కొనేవాళ్లకు కొన్ని మాటలు. ఉదయం పదకొండులోపు వెళ్లండి, తర్వాత టోకు బేరగాళ్లు వస్తే చిల్లర కొనేవాళ్లను పట్టించుకోరు. వానాకాలంలో కొరియర్‌లో తెప్పించుకోకండి. నాకు ఒకసారి ఆరు రోజులకు చేరింది, సీలు ఊడి పప్పు మెత్తబడింది. ఫోను చేస్తే మాట అనకుండా మళ్లీ పంపారు, అది వాళ్ల మంచితనం. తూకం గురించి భయం వద్దు. ఉద్దానం పిక్క కావాలంటే ఆ మాట అని అడగండి, ఊరికే 240 అంటే ఓడ పిక్క కట్టేస్తారు.

ఆగస్టులో మళ్లీ వెళ్లాను. కొత్త కుర్రవాడు ఒకడు చేరాడు, పొట్లం ముడి వేయడం ఇంకా రాలేదు. గోడకు పొడుగు పుస్తకం పక్కనే రెండోది వేలాడుతోంది, ఎర్ర అట్టది. అడగకుండానే తీసి చూశాను, ఆ చొరవ నాకు వచ్చేసింది. మొదటి పేజీలో పదిమంది ఆడవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. పక్కన గీతలు గీసి ఉన్నాయి, అంకెలు ఇంకా వేయలేదు. యజమాని కాటా తుడుస్తూ నా వైపు చూడలేదు. దసరాకు రెండు కిలోలు కావాలని చెప్పి, అప్పుడు నేనే వచ్చి తీసుకుంటానన్నాను.